కోటా లేని కూత: తిరుపతి కాలేజీ కబడ్డీలో ఊరి పిల్లలు

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల డిగ్రీ కాలేజీల కబడ్డీ జట్లలో స్పోర్ట్స్ కోటా సీటుతో వచ్చినవాళ్లు కొద్దిమందే. మిగతావాళ్లంతా నోటీసు బోర్డు మీద కాగితం చూసి, చెప్పులు గట్టున విడిచి గ్రౌండులోకి దిగినవాళ్లు. పాకాల నుంచో, ఏర్పేడు నుంచో, పుత్తూరు నుంచో స్టూడెంట్ బస్ పాస్ మీద వచ్చి బీకామో బీఎస్సీయో చదువుకుంటుంటారు. సంక్రాంతికి ఊళ్లో చెడుగుడు ఆడిన అనుభవమే తప్ప చేతిలో ఏ సర్టిఫికెట్టూ ఉండదు. ఈ పిల్లల్ని ఎలా ఎంచుకోవాలి, ఎలా తయారు చేయాలి, ఎక్కడ చెడగొడుతున్నాం అన్నది పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్లకూ సీనియర్ ఆటగాళ్లకూ పనికొచ్చేలా ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక లెక్క చూడండి. ఎస్వీ యూనివర్సిటీ 1954లో పుట్టినప్పుడు దాని పరిధి చాలా పెద్దది. 1981లో అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ, 2006లో కడపలో యోగి వేమన, 2008లో నెల్లూరులో విక్రమ సింహపురి యూనివర్సిటీలు వచ్చాయి. ఒక్కో యూనివర్సిటీ ఏర్పడినప్పుడల్లా ఆ జిల్లాల ఆటగాళ్లు అటు వెళ్లిపోయారు. ఇప్పుడు ఎస్వీయూ జట్టుకు పిల్లలు రావాల్సింది దాదాపుగా పాత ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లెల నుంచే. బయటినుంచి ఒకరిద్దరు మంచి రైడర్లను, అంటే కూతకు వెళ్లేవాళ్లను, తెచ్చుకుంటే ఒక ఏడాది కప్పు రావచ్చు. వాళ్లు డిగ్రీ అయిపోయి వెళ్లాక గ్రౌండులో ఆట నేర్పేవాడే మిగలడు. నాలుగేళ్లు నిలబడే జట్టు కావాలంటే నోటీసు చూసి వచ్చే పిల్లాడి మీదే పెట్టుబడి పెట్టాలి.

వాడు ఎక్కాల్సిన మెట్లు ఇవి: కాలేజీ జట్టు, ఆ తరువాత యూనివర్సిటీ అంతర కళాశాలల పోటీలు, అక్కడ యూనివర్సిటీ సెలక్షన్, శిక్షణ శిబిరం, సౌత్ జోన్ (దక్షిణాది యూనివర్సిటీల పోటీలు). సౌత్ జోన్‌లో మొదటి నాలుగు స్థానాల్లో నిలిచిన జట్లు ఆలిండియా అంతర విశ్వవిద్యాలయ పోటీలకు వెళ్తాయి. కాలేజీ జట్టులో చోటు దొరకని పిల్లాడికి పై మెట్లేవీ లేవు. అందుకే మొదటి సెలక్షన్ రోజు చాలా విలువైనది, మనం ఎక్కువగా పాడుచేసేది కూడా ఆ రోజునే.

ఎలా పాడుచేస్తామంటే, వచ్చిన నలభై యాభై మందిని రెండు జట్లుగా చీల్చి ఆట పెట్టేస్తాం. గొంతున్నవాడు కూతకు వెళ్తాడు, పిరికివాడు మూలన నిలబడతాడు, గంటలో పీడీ గారు పేర్లు రాసేసుకుంటారు. బాగా పట్టగలిగే పిల్లాడి వైపు ఆ గంటలో ఒక్క రైడరైనా రాకపోవచ్చు. ఆట పెట్టకముందే కొలతలు తీసుకోవాలి. 30 మీటర్ల పరుగుకు 4.6 సెకన్లు, 10 మీటర్ల షటిల్ నాలుగు సార్లకు 10.5 సెకన్లు, నిలబడిన చోటు నుంచి దూకుడుకు 2.20 మీటర్లు గీటురాయిగా పెట్టుకోవచ్చు. నాలుగోది కూత: కాళ్లు కదుపుతూ 30 సెకన్ల పాటు ‘కబడ్డీ కబడ్డీ’ అని తెగకుండా, రిఫరీకి స్పష్టంగా వినబడేలా అనాలి. అయిదోది పట్టు: ముగ్గురు వేర్వేరు రైడర్లను ఒకరి తరువాత ఒకరిని వాడి వైపే పంపి, ఎప్పుడు దూకుతున్నాడో చూడాలి. మిగతా వాటిలో రెండింట్లో తప్పినా పట్టులో బాగా రాణించినవాణ్ని పక్కన పెట్టొద్దు. పరుగు మూడు నెలల్లో మెరుగుపడుతుంది. సరైన క్షణానికి దూకే గుణం అంత తేలిగ్గా రాదు.

నోటీసు విషయంలో కూడా ఒక మాట. బోర్డు మీద అంటిస్తే బస్సు దిగి నేరుగా క్లాసుకు వెళ్లే పిల్లాడి కంట పడదు. క్లాసు క్లాసుకూ తిరిగి చదివించాలి. సెలక్షన్ వరసగా రెండు రోజులు పెట్టాలి, రెండో రోజు తప్పనిసరిగా వేరే వేళలో. ల్యాబ్ ఉన్నవాడు మొదటి రోజు రాలేడు. షూ, నిక్కరు, టీషర్టు తెచ్చుకోవాలని రాస్తే సగం మంది అక్కడే ఆగిపోతారు. ‘ఉన్న బట్టలతో రండి’ అని రాయండి.

నిబంధనల ప్రకారం జట్టు 12 మంది: బరిలో 7, బయట 5. కానీ ఏడాది పొడవునా ఉంచుకోవాల్సింది 24 మందిని. 24 ఉంటే సాధనలో పూర్తి స్థాయి మ్యాచ్ ఆడించవచ్చు, ఇద్దరు గాయపడినా, మరో ఇద్దరు పరీక్షలకు వెళ్లినా ఆట ఆగదు. 12 మందినే ఉంచుకున్న కాలేజీలో సాధన అంటే ఆరుగురు ఆరుగురుతో ఆడుకోవడమే. అక్కడ పూర్తి ఏడుగురి డిఫెన్స్ ముందు కూతకు వెళ్లే అనుభవం పోటీ రోజు దాకా ఎవరికీ రాదు. బోనస్ పాయింట్ (రైడర్ ఎదుటి కోర్టులోని బోనస్ లైన్ దాటితే వచ్చేది) రావాలంటే ఎదుట కనీసం ఆరుగురు డిఫెండర్లు ఉండాలి కదా, ఆరుగురి మధ్య ఎవరూ గాయపడకుండా ఉంటేనే ఆ సాధనైనా కుదిరేది.

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో స్కాలర్‌షిప్ లేకుండా, ఫీజు తామే కట్టుకుని జట్టులో చేరే ఇలాంటి పిల్లల్ని వాక్-ఆన్‌లు అంటారు. 1973 నుంచి 1997 దాకా టామ్ ఆస్బర్న్ కోచ్‌గా ఉన్న నెబ్రాస్కా యూనివర్సిటీ, ఆ రాష్ట్రపు చిన్న ఊళ్ల కుర్రాళ్లను ఇలా చేర్చుకుని తీర్చిదిద్దడానికి పేరు పొందింది. 2017లో అక్కడి ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచిన బేకర్ మేఫీల్డ్ కూడా వాక్-ఆన్‌గా చేరినవాడే. అక్కడ స్కాలర్‌షిప్‌లకు 85 అనే పరిమితి ఉన్నన్నాళ్లూ, ఆ సంఖ్యకు పైన వీళ్లకు చోటుండేది. 2025లో న్యాయస్థానంలో కుదిరిన ఒప్పందం తరువాత, అందులో చేరిన కాలేజీలకు ఆ పరిమితి పోయి మొత్తం జట్టుకే 105 మంది అనే హద్దు వచ్చింది. దాంతో వాక్-ఆన్‌ల చోటుకే ముప్పు వచ్చింది. జట్టు సంఖ్య బిగిస్తే ముందుగా తెగేది ఊరి పిల్లాడి పేరే. మన దగ్గర శిబిరానికి 24 మందిని ఉంచుకోవద్దని ఏ నిబంధనా అనడం లేదు. మనంతట మనమే 12కు కుదించుకోవడం ఎందుకు?

ఇక ఆట సంగతి. ఊరి చెడుగుడులో ఆరితేరిన పిల్లాడు కాలేజీ మ్యాచ్‌లో మొదట్లో పాయింట్లు పోగొడుతూనే ఉంటాడు. వాడికి ఆట రాక కాదు, గీతలు అలవాటు లేక. ఊళ్లో లాబీ గీసేవాళ్లు తక్కువ. ఇక్కడ రెండు పక్కలా ఒక్కో మీటరు లాబీ ఉంటుంది, రైడర్‌కూ డిఫెండర్‌కూ మధ్య తాకిడి జరిగాకే అది ఆటలోకి వస్తుంది. ఎవరినీ తాకకముందే అలవాటుగా అందులో కాలు పెట్టి అవుటైపోతారు. ఎదుటి కోర్టులో అడ్డంగా గీసిన బాక్ లైన్ దాటకుండా, ఎవరినీ తాకకుండా వెనక్కి వచ్చినా అవుటే. అవతలి కోర్టులో కాలు పెట్టకముందే కూత మొదలుకావాలి. ఆలస్యమైతే ఎదుటివాళ్లకు పాయింటు, మనకు ఆ కూత పోయినట్టే. ఊళ్లో ఊపిరి ఉన్నంతసేపూ ఆడించవచ్చు, ఇక్కడ 30 సెకన్లకు ఒక్క సెకను దాటకూడదు. వరసగా రెండు కూతలు ఖాళీగా వస్తే మూడోది డూ ఆర్ డై. దాంట్లో పాయింటు రాకపోతే వెళ్లినవాడు అవుట్.

పట్టుల్లో ఇంకా ప్రమాదం. రైడర్ నోరు మూయడం, జుట్టో బనీనో పట్టి లాగడం, కాళ్లతో కత్తెర వేయడం కొన్ని ఊళ్లలో చూసీ చూడనట్టు వదిలేస్తారు. ఇక్కడ అవన్నీ ఫౌల్. గ్రీన్ కార్డు హెచ్చరిక, ఎల్లో కార్డు వస్తే 2 నిమిషాలు బయట, రెడ్ వస్తే మ్యాచ్ మొత్తం బయటే. ఇవన్నీ నోటితో చెబితే ఎక్కవు. మొదటి రెండు వారాలు సాధన మ్యాచ్‌లకు ఈల పట్టుకుని ఒక సీనియర్ నిలబడి, ప్రతి తప్పుకూ ఆట ఆపి, ఎందుకు అవుటో చెప్పి మళ్లీ ఆడించాలి. విసుగ్గానే ఉంటుంది. కానీ ఇది చేసిన కాలేజీ అంతర కళాశాలల పోటీల్లో ఉచితంగా పాయింట్లు పంచిపెట్టదు.

కోర్టు కొలతలు పిల్లలకు కాళ్లతో తెలియాలి. పురుషుల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. సగం అంటే 6.5 మీటర్లు. మధ్య గీత నుంచి 3.75 మీటర్ల దగ్గర బాక్ లైన్, ఇంకో మీటరు అవతల బోనస్ లైన్. అక్కడి నుంచి చివరి గీతకు మిగిలేది 1.75 మీటర్లే. డిఫెన్స్ వరసకు రెండు చివర్లా నిలబడే కార్నర్ ఆటగాడి లోకమంతా ఆ 1.75 మీటర్లలోనే ఉంది. ఒక అడుగు ముందుకు నిలబడితే రైడర్ కాలు చాచి తాకేస్తాడు, ఒక అడుగు వెనక్కి ఉంటే వాడు తేలిగ్గా బోనస్ తీసుకుపోతాడు.

మట్టి కోర్టు చేయించుకునే కాలేజీలకు వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ప్రాంతపు ఎర్రనేలలో గులకరాళ్లు ఎక్కువ. మోకాళ్లు, మోచేతులు చీరుకుపోయేది వాటివల్లే. కోర్టు చుట్టూ 2 మీటర్ల ఖాళీ కలుపుకుంటే 17 మీటర్లు, 14 మీటర్లు, అంటే 238 చదరపు మీటర్లు. పై 15 సెంటీమీటర్లు తవ్వి తీసేసి, జల్లించిన మట్టి నింపాలి. అది దాదాపు 36 ఘనపు మీటర్లు. ట్రాక్టరు ట్రక్కుకు సుమారు 100 ఘనపుటడుగులు పడుతుంది కాబట్టి లెక్కకు 13 లోడ్లు, తొక్కితే అణుగుతుంది కాబట్టి 15 లోడ్లు తెప్పించుకోవాలి. మూడు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, అర పాలు రంపపు పొట్టు కలిపితే మెత్తగా, పట్టుగా ఉంటుంది. మట్టి ఎక్కువైతే ఎండకు నెర్రెలు వస్తాయి, వానకు జారుతుంది. ఇసుక ఎక్కువైతే కాలు దిగబడి మడమ తిరుగుతుంది. మధ్య గీత దగ్గర 5 సెంటీమీటర్లు ఎత్తుగా ఉంచి చివరలకు వాలు ఇవ్వాలి.

ఆ వాలు ఎందుకంటే మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, సరిగ్గా ఆటల కాలంలో పడతాయి. నవంబరులో ఒక అల్పపీడనం వస్తే వాలు లేని కోర్టు వారం రోజులు బురదగుంటే. కోర్టంతటికీ సరిపడే ఒక టార్పాలిన్ ముందే కొనిపెట్టుకుంటే ఆ వారం మిగులుతుంది. ఎండాకాలంలో ముందురోజు సాయంత్రం బాగా తడిపి వదలాలి. ఆడేముందు మడమతో నొక్కితే అరంగుళం గుంట పడాలి, మట్టి మాత్రం కాలికి అంటుకోకూడదు. గీతలకు సున్నం వాడొద్దు. కిందపడిన పిల్లాడి కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ముగ్గుపిండి చాలు, లేదా వెడల్పు నవారు పట్టీ పరిచి మేకులు నేలలోకి పూర్తిగా దిగగొట్టాలి.

పోటీలు మ్యాట్ మీద జరిగితే మట్టి పిల్లాడికి అది కొత్త నేల. మట్టిలో కాలు కాస్త జారి ఆగుతుంది, మ్యాట్ మీద షూ అతుక్కుపోతుంది. ఒళ్లు తిరిగినా పాదం తిరగదు, ఆ మెలిక మోకాలికి పడుతుంది. పోటీలకు కనీసం మూడు వారాల ముందు మ్యాట్ ఎక్కించాలి. మొదటి వారం పట్టులు లేకుండా అడుగులు, మలుపులు, వెనక్కి పరుగే. రెండో వారం నెమ్మది పట్టులు. మూడో వారం మ్యాచ్. షూ కొత్తది పోటీ రోజు వేయించొద్దు. ఒక మీటరు చదరపు ముక్కలైతే కోర్టుకు 130 కావాలి. రోజూ ఆడేముందు అంచులు పాదంతో తడిమి చూడాలి, ఒక్క అతుకు లేచి ఉన్నా బొటనవేలు ఇరుక్కుంటుంది. మ్యాట్ మీద సన్నని దుమ్ము ఉంటే జారుతుంది, తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. ముక్కల్ని ఎండలో వదిలేస్తే అంచులు వంకర తిరిగి మళ్లీ అతుక్కోవు.

ఇప్పుడు అసలైన సంగతి. నోటీసు చూసి వచ్చిన పిల్లాణ్ని రైడర్‌గా తీర్చిదిద్దడానికి ఏళ్లు పడతాయి. డిఫెండర్‌గా ఆరు నెలల్లో నిలబెట్టవచ్చు. కూతలో ఎదుటి ఏడుగురి కదలికనూ ఒంటరిగా చదవాలి, ఆ చూపు చిన్నప్పటి నుంచి ఆడితేనే వస్తుంది. డిఫెన్స్ జత ఆట. కార్నర్ పక్కన ఒకడు చేయి పట్టుకుని ఉంటాడు, కార్నర్‌కు లోపలి వైపు నిలబడే కవర్ వెనుక ఇంకొకడు ఉంటాడు, ఎవడు ఎప్పుడు కదలాలో నేర్పవచ్చు. అందుకే కాలేజీ జట్లలో కోటా పిల్లలు రైడర్లుగా, ఊరి పిల్లలు కార్నర్లుగా, కవర్లుగా కుదురుకోవడం సహజం. దీన్ని చిన్నచూపు చూడొద్దు. దగ్గరి మ్యాచ్‌లు ఎక్కువగా పట్టుల మీదే తేలతాయి. ముగ్గురో అంతకన్నా తక్కువో మిగిలినప్పుడు పట్టితే సూపర్ టాకిల్ కింద అదనపు పాయింటు, పైగా ఆలౌటయ్యే ముప్పు తప్పి లోనా కింద ఎదుటివాళ్లకు పోవాల్సిన 2 పాయింట్లు మిగులుతాయి.

యాంకిల్ హోల్డ్ (చీలమండ పట్టు) నుంచి మొదలుపెట్టండి. బోనస్ నియమాన్ని గమనిస్తే పట్టు ఎప్పుడు వేయాలో అందులోనే ఉంది. రైడర్ ముందు పాదం బోనస్ లైన్ అవతల నేలను తాకే క్షణంలో వెనుక పాదం గాలిలో ఉండాలి. అంటే ఆ క్షణంలో వాడు ఒంటికాలి మీద ఉన్నాడు. ఆ కాలు ఎత్తితే పడిపోవాల్సిందే. కార్నర్ పిల్లాడు రైడర్ ముఖమో చేతులో చూడకూడదు, నడుమును చూడాలి. ముఖం మోసం చేస్తుంది, నడుము చేయలేదు. రైడర్ బరువు ముందు కాలి మీదికి వచ్చిందని నడుము చెప్పగానే, మోకాళ్లు వంచి ఛాతీ కిందికి దించి రెండు చేతులతో చీలమండ పైభాగం పట్టాలి. తల రైడర్ కాలికి బయటి వైపు ఉండాలి. లోపలి వైపు ఉంటే వాడి రెండో మోకాలు వచ్చి ముఖానికి తగులుతుంది. పట్టగానే కాలును తన పొట్టవైపు లాక్కుని పైకెత్తాలి.

ఇక్కడ జరిగే తప్పులు దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి. చేతులు ముందు వెళ్లి ఒళ్లు వెనుక మిగిలిపోతుంది, అప్పుడు రైడర్ ఒక్క తన్నుతో విడిపించుకుంటాడు. మడమ దొరికితే పట్టు జారుతుంది, పిక్క దొరికితే చేతులు సరిపోవు. బొటనవేలు విడిగా చాచి పట్టేవాళ్లకు అది మెలిక పడి వాస్తుంది, వేళ్లన్నీ కలిపి ఉంచడం మొదటి రోజే అలవాటు చేయాలి. అన్నిటికన్నా పెద్ద తప్పు ఇంకోటి ఉంది: కార్నర్ పట్టాక కవర్ నిలబడి చూడటం. పట్టిన అర సెకనులో కవర్ వచ్చి నడుము అందుకోకపోతే బలమైన రైడర్ పట్టినవాణ్ని ఈడ్చుకుంటూ మధ్య గీత తాకేస్తాడు, ఒకటికి రెండు పాయింట్లు పోతాయి. కాబట్టి కార్నర్‌కు విడిగా, కవర్‌కు విడిగా నేర్పడం దండగ. జతగా నేర్పాలి, జతను ఏడాదంతా మార్చకూడదు.

మొదటి నెలలో ఒక్కో పిల్లాడికి రోజుకు 40 పట్టులు చాలు: 20 నిలబడి ఉన్న కాలి మీద, 15 నెమ్మదిగా వచ్చే రైడర్ మీద, 5 పూర్తి వేగంతో. మొదటి రోజునుంచే పూర్తి వేగం పెడితే వేళ్లు, భుజాలు పోతాయి, పిల్లాడు భయపడి మానేస్తాడు. రెండో నెలలో థై హోల్డ్ (తొడ పట్టు), మూడో నెలలో కవర్ నుంచి డాష్ (ఒంటితో ఢీకొట్టి రైడర్‌ను బయటికి నెట్టడం), చైన్ (చేతులు కలిపి చుట్టుముట్టడం). మోకాలి రక్షణకు వారానికి రెండుసార్లు, మోకాళ్ల మీద నిలబడి చీలమండలు ఒకరు పట్టుకోగా ఒళ్లు నెమ్మదిగా ముందుకు వాల్చే కసరత్తు, అయిదేసి చొప్పున మూడు సెట్లు చేయించండి. దీనికి జిమ్ అక్కర్లేదు.

12 మందిలో చోటు రాని మిగతా 12 మందికి ఒక పెద్ద పని ఉంది. రాబోయే ప్రత్యర్థిలా ఆడటం. ఎదుటి కాలేజీ రైడర్ ఎడమ వైపు నుంచి మొదలుపెట్టి కుడి కార్నర్ మీద బోనస్ తీసేవాడైతే, మన దగ్గర ఒక పిల్లాడు వారమంతా అలాగే ఆడాలి. చూసి అనుకరించే పిల్లలు ఊళ్లలో బోలెడుమంది. వారానికి ఒకసారి, శనివారం, 20-5-20 నిమిషాల పూర్తి మ్యాచ్‌లో ఈ 12 మంది అసలు జట్టును ఎదుర్కోవాలి. అందులో పట్టుల లెక్క రాయండి: ప్రయత్నాలు ఎన్ని, దొరికినవి ఎన్ని. మూడు శనివారాలు వరసగా సగానికి పైగా పట్టినవాణ్ని తరువాతి మ్యాచ్‌కు 12లోకి తేవాలి. అలా ఒక్కణ్ని తెచ్చినా మిగతావాళ్లకు గ్రౌండుకు రావడానికి కారణం దొరుకుతుంది. ఎన్నడూ తేకపోతే పండగ సెలవుల తరువాత సగం మంది తిరిగిరారు.

సాధన వేళ కూడా బస్సును బట్టే ఉండాలి. పొద్దున 6 గంటలు హాస్టల్ పిల్లలకు కుదురుతుంది, ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకు కుదరదు. సాయంత్రం 4:15 నుంచి 5:45 దాకా పెట్టి, ఆఖరి బస్సు ముందుగా వెళ్లిపోయే ఊళ్ల పిల్లలకు పట్టుల సాధన మొదట పెట్టాలి. వ్యాయామం చివర్లో పెడితే వాళ్లు ఇంట్లో చేసుకోగలరు, పట్టు ఇంట్లో చేసుకోలేరు.

తిండి గురించి. కబడ్డీ సీనియర్ పురుషులకు 85 కేజీల పరిమితి. మన పిల్లల కష్టం బరువు తగ్గించడం కాదు, పెంచడం. 65 కేజీల పిల్లాడికి కేజీకి 1.6 గ్రాముల లెక్కన రోజుకు 104 గ్రాముల ప్రోటీన్ కావాలి. పౌడర్ డబ్బాలు కొనక్కర్లేదు. నాలుగు గుడ్లకు 24 గ్రాములు, 100 గ్రాముల చెనిక్కాయ విత్తనాలకు 25, అర లీటరు పాలకు 16, 50 గ్రాముల ఉలవలకు 11, 200 గ్రాముల రాగిపిండి సంగటికి 14, 200 గ్రాముల బియ్యానికి 14. కలిపితే 104. సంగటిలోకి ఊరిబిండి ఎలాగూ చెనిక్కాయలదే. ఆడేముందు రెండున్నర గంటలలోపు కడుపునిండా సంగటి తినకూడదు, కూత నిలవదు. సాధన అయిన వెంటనే ఒక గుప్పెడు చెనిక్కాయలూ బెల్లమూ చేతిలో పెడితే బస్సులో ఆకలితో వెళ్లరు. ఆ ఖర్చు కాలేజీ గేమ్స్ ఫీజులోంచి పెట్టడం న్యాయం.

కాగితాల దగ్గర ఓడిపోయే జట్లు కూడా ఉన్నాయి. అంతర విశ్వవిద్యాలయ పోటీలకు ఆటగాడు రెగ్యులర్ విద్యార్థి అయి ఉండాలి, 25 ఏళ్లు దాటకూడదు. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, ఫీజు రసీదు, గుర్తింపు కార్డు, ఆధార్, ఫొటోలు సెలక్షన్ అయిన వారంలోనే తీసుకుని పీడీ గారి బీరువాలో పెట్టాలి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉండటం మన పిల్లల్లో మామూలు. అది పోటీకి రెండు రోజుల ముందు బయటపడితే సరిచేయడానికి వ్యవధి ఉండదు. ఊరి పిల్లాడికి ఇవన్నీ చెప్పే అన్న ఇంట్లో ఉండకపోవచ్చు. ఒక సీనియర్‌ను ఈ పనికే పెట్టండి.

అమ్మాయిల జట్ల విషయంలో బయటినుంచి తెచ్చుకునే మాటే దాదాపు లేదు. డిగ్రీకి వచ్చాకే మొదటిసారి కోర్టు చూసేవాళ్లు చాలామంది. 12 మీటర్లు, 8 మీటర్ల కోర్టు, 3 మీటర్ల దగ్గర బాక్ లైన్, 15 నిమిషాల చొప్పున రెండు సగాలు, 75 కేజీల పరిమితి. వాళ్ల కోర్టులో బోనస్ లైన్ వెనుక 2 మీటర్లు మిగులుతుంది, కాబట్టి కార్నర్‌కు అబ్బాయిలకన్నా కాస్త ఎక్కువ చోటుంది, పట్టు నేర్పడం ఇంకా తేలిక. అడ్డంకి ఆటలో లేదు. బట్టలు మార్చుకునే గది, సాయంత్రం బస్సు, ఇంట్లో ఒప్పుకోవడం, ఈ మూడింటిలో ఉంది. పీడీ మేడమ్ ఒక్కసారి ఇంటికి ఫోన్ చేసి, సాధన ఎన్నింటికి మొదలై ఎన్నింటికి అయిపోతుందో చెబితే చాలా ఇళ్లలో సమ్మతిస్తారు.

సంప్రదాయాల మాట. కోర్టులో దిగేముందు మట్టి తాకి కళ్లకద్దుకోవడం మన ఊళ్లలో ఉన్నదే, మ్యాట్ మీద కూడా పిల్లలు మానలేదు. మానొద్దు కూడా. ఆఖరి సంవత్సరం పిల్లలు తమ నంబరు జెర్సీని తాము ఆట నేర్పిన జూనియర్‌కు ఇచ్చి వెళ్లడం, సంక్రాంతి సెలవుల్లో పాత విద్యార్థులు వచ్చి ప్రస్తుత జట్టుతో ఒక మ్యాచ్ ఆడటం మంచి పద్ధతులు. వీటికి డబ్బు ఖర్చు లేదు. నోటీసు చూసి వచ్చిన పిల్లాడికి ఆ జెర్సీ దొరికినప్పుడు, అది పదేళ్ల కిందటి ఇంకో ఊరి అన్న వేసుకున్నదని తెలిసినప్పుడు, వాడు సాధన ఎగ్గొట్టడు. జూనియర్లతో నీళ్లు మోయించడం, బట్టలు ఉతికించడం మాత్రం సంప్రదాయం కాదు, ర్యాగింగ్. కోర్టు తడపడం, గీతలు గీయడం, మ్యాట్ పరవడం కెప్టెన్‌తో సహా అందరూ చేయాలి.

చివరిదాకా 12లోకి రాని పిల్లలు ప్రతి ఏటా కొందరు ఉంటారు. వాళ్లను మూడో ఏట ఊరికే కూర్చోబెట్టకండి. ఒక మ్యాచ్‌కు ఒక రిఫరీ, ఇద్దరు అంపైర్లు, ఒక స్కోరర్, ఇద్దరు సహాయ స్కోరర్లు కావాలి. అవుటైనవాళ్లు అవుటైన వరసలోనే తిరిగి బరిలోకి రావాలి కాబట్టి సహాయ స్కోరర్ పని కనబడేంత చిన్నది కాదు, ఒక్క పేరు తారుమారైతే మ్యాచ్ గొడవే. శనివారం మ్యాచ్‌లకు వీళ్లను వంతులవారీగా అక్కడ కూర్చోబెట్టండి, ఈల పట్టించండి. వ్యాయామ ఉపాధ్యాయులు కావాలనుకునేవాళ్లకు ఏపీ పీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష ఉంది, అందులో దేహ సామర్థ్య పరీక్షలతో పాటు ఎంచుకున్న ఆటలో నైపుణ్య పరీక్ష కూడా పెడతారు. మూడేళ్లు శిబిరంలో ఉన్న పిల్లాడికి ఆ పరుగులూ దూకుళ్లూ పట్టులూ కొత్త కాదు. అంతర కళాశాలల పోటీల్లో పాల్గొన్న సర్టిఫికెట్లు డిగ్రీ చివర్లో అడిగితే దొరకవు, ఏ ఏటికి ఆ ఏడే కాలేజీ ముద్రతో తీసి ఒక ఫైలులో పెట్టి, జిరాక్స్ పీడీ గారి దగ్గర, అసలుది పిల్లాడి దగ్గర ఉండేలా చూడండి.